నీళ్లలో పెట్టే ముందు పోగు చూడండి

మా కొట్టుకి చీర తెచ్చినవాళ్లు ముందుగా అడిగే మాట "ఇది ఇంట్లో ఉతుక్కోవచ్చా అండీ?" అని. ఎంతకి కొన్నారో చెబుతారు, ఏ ఊళ్లో కొన్నారో చెబుతారు. నాకు ముందు కావలసింది అందులో ఉన్న పోగేమిటో. నూలైతే ఒక తీరు, పట్టయితే ఇంకో తీరు, రెండూ కలిసినదైతే పట్టుకి తగ్గట్టు నడుచుకోవాలి. ఆ సంగతి తేలకుండా చీరని బకెట్లో ముంచకండి.

నాది అమలాపురం. ఫాల్స్ కుట్టడం, కొంగులకి కుచ్చులు కట్టడం, గంజి పెట్టి ఇస్త్రీ చేయడం, చిరిగినచోట రఫ్పు చేయడం నా పని. పుట్టిల్లు బండారులంక. మా నాన్నగారు గుంటమగ్గంలో కూర్చుని నేస్తుంటే అమ్మా నేనూ పక్కన కండెలు చుట్టేవాళ్లం. పోగు వేళ్ల మధ్య ఆడితే అదేమిటో చెప్పడం అక్కడే అలవాటైంది. మీకు ఆ అలవాటు లేకపోయినా ఒక అగ్గిపుల్ల, ఒక గిన్నెడు నీళ్లు ఉంటే చాలండి.

పోగు లాగి చూడటం

కొత్త చీరకి జాకెట్టు ముక్క కత్తిరించేటప్పుడు రెండు వేళ్ల వెడల్పు పీలిక ఒకటి తీసి దాచండి. దాని మీద చీర పేరు రాసిన చీటీ ఒకటి గుచ్చండి. ఆ పీలిక జీవితాంతం పనికొస్తుంది. పోగు పరీక్షకి అదే, రంగు దిగుతుందా అని చూసుకోవడానికి అదే, రేపు ఎక్కడైనా మేకు తగిలి చిరిగితే రఫ్పు చేయడానికి కావలసిన అదే రంగు పోగూ అందులోనే దొరుకుతుంది. కొట్టు వాళ్లు ముక్క కోసి ఇచ్చేస్తుంటే పక్కనుండి అడిగి మరీ తీసుకోండి. పాత చీరైతే లోపలికి దోపుకునే చివర నుంచి రెండు పోగులు లాగండి. నిలువుగా పోయే పడుగు పోగు ఒకటి, అడ్డంగా పోయే పేక పోగు ఒకటి. రెండూ విడివిడిగా లాగాలి. ఎందుకంటే ఇప్పుడు అమ్ముడయ్యే వాటిలో సికో చీరలు బోలెడు. ఒకవైపు పట్టు, ఒకవైపు నూలు. ఒక్క పోగే చూసి "ఇది పట్టే" అనుకుంటే సగమే తెలిసినట్టు.

పోగుని పట్టకారుతో పట్టుకుని, కింద స్టీలు పళ్లెం పెట్టుకుని, ఫ్యాను ఆపి, కొసకి మంట చూపించండి. నూలు చటుక్కున అంటుకుంటుంది. మంట తీసేసినా నిప్పు పాకుతూనే ఉంటుంది. కాగితం కాలిన వాసన వస్తుంది, మెత్తటి బూడిద మిగులుతుంది. పట్టు అలా అంటుకోదు. మంటకి ముడుచుకుంటూ నెమ్మదిగా కాలుతుంది, మంట తీస్తే చాలామటుకు ఆరిపోతుంది. వెంట్రుక కాలిన కమురు వాసన వస్తుంది, ఎందుకంటే వెంట్రుకా పట్టూ రెండూ ప్రొటీనే. కొసకి నల్లటి గుండు కడుతుంది, చల్లారాక వేళ్లతో నలిపితే పొడైపోతుంది. పాలిస్టర్ అయితే కరిగి జారుతుంది, చల్లారాక గట్టి పూస అవుతుంది, ఎంత నలిపినా నలగదు. వేడిగా ఉన్నప్పుడు ఆ పూసని ముట్టుకోకండి, చర్మానికి అంటుకుని కాలుస్తుంది.

ఇక్కడొక చిక్కుందండి. ఆర్ట్ సిల్క్ అని, విస్కోస్ అని అమ్మే పోగు కూడా కాగితం వాసనే వేస్తుంది. అది చెక్క గుజ్జు నుంచి తీసినది, పత్తిలాగే సెల్యులోజు. మంట దగ్గర నూలుకీ దానికీ తేడా తెలియదు. అప్పుడు నీళ్లు చెబుతాయి. పోగుని మధ్యలో తడిపి రెండు చేతులతో లాగండి. నూలు పోగు తడిస్తే ఇంకా గట్టిపడుతుంది, తడిసినచోట తెగదు. విస్కోస్ తడిస్తే సగం బలం పోతుంది, సరిగ్గా తడిసినచోటే పుటుక్కున తెగుతుంది. పట్టు కూడా తడిసినప్పుడు కొంత బలహీనపడుతుంది, అంతలా కాదు. ఈ ఒక్క పరీక్ష గుర్తుంటే తడి చీరని ఎందుకు మెలితిప్పి పిండకూడదో కూడా అర్థమవుతుంది. నూలు చీర ఆ బలానికి ఓర్చుకుంటుంది. పట్టు, విస్కోస్ ఓర్చుకోలేవు.

చీరకి సిల్క్ మార్క్ చీటీ ఉంటే మంచిదే. 2004 నుంచి సెంట్రల్ సిల్క్ బోర్డు తరఫున ఇస్తున్నారు. అది చెప్పేది పోగు అసలైన పట్టు అని మాత్రమే. మగ్గం మీద నేశారా, మరమగ్గం మీద నేశారా అన్నది అందులో ఉండదు, జరీ ఏ రకమో కూడా ఉండదు. చేనేత అని చెప్పేది హ్యాండ్లూమ్ మార్క్, అది 2006లో వచ్చింది. "సెమీ పట్టు" అనే మాటకి మాత్రం ఒక కొలత అంటూ లేదండి. ఆ మాట వినబడితే పోగు లాగి చూడాల్సిందే.

జరీకి కూడా ఒక చూపు. అంచు చివర వేలాడే జరీ పోగుని గోరుతో గీకండి. పైపూత కింద తెల్లగా వెండి, లోపల పట్టు పోగు కనబడితే అసలు జరీ. గీకగానే ఎర్రగా రాగి బయటపడితే టెస్టెడ్ జరీ. మంటకి కరిగి ముద్దయితే ప్లాస్టిక్ జరీ. ధర మాట అటుంచండి, ఏది ఎలా పాడవుతుందో తెలుసుకోవడానికి ఇది కావాలి. వెండి జరీ గాలిలోని గంధకానికి నల్లబడుతుంది. రాగి జరీ చెమటకి, ఉప్పు గాలికి చిలుము పడుతుంది. ప్లాస్టిక్ జరీ నల్లబడదు గాని ఇస్త్రీ పెట్టె వేడికి ముడుచుకుపోతుంది.

నూలు చీర, మొదటి తడుపు, గంజి

నూలు నంబరు అంటే ఏమిటని చాలామంది అడుగుతారు. 840 గజాల చిలపలు, అంటే నూలు పోగు చుట్టలు, ఎన్ని కలిస్తే ఒక పౌను తూగుతాయో అదే నంబరు. అంటే 100 నంబరు నూలు ఒక పౌను, సుమారు 454 గ్రాములు, విప్పితే 84,000 గజాలు, దాదాపు 77 కిలోమీటర్లు. అమలాపురం నుంచి రాజమండ్రి దాకా రోడ్డు పొడుగునా పరిచినా ఇంకా మిగులుతుంది. నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నం. 60, 80 నంబర్ల చీరకి గట్టిగా జాడించినా ఫరవాలేదు. 100, 120 నంబర్ల చీరని బండ మీద బాదకండి, బ్రష్షు పెట్టి రుద్దకండి.

కొత్త నూలు చీరని మొదటిసారి ఒక్కదాన్నే తడపాలి. ముందు దాచిన పీలికని తడిపి, తెల్ల గుడ్డ మీద పెట్టి బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. రంగు అంటితే చల్లటి నీళ్లలో గుప్పెడు కల్లుప్పు కరిగించి, చీర ముంచి, రెండు మూడుసార్లు పైకీ కిందకీ ఆడించి తీసేయండి. నానబెట్టి వదిలేయడం ఉండకూడదు. ఉప్పు రంగుని శాశ్వతంగా కట్టేస్తుందనుకోకండి, ఆ పూటకి దిగకుండా కొంత ఆపుతుంది. రంగు కట్టేది అద్దకం దగ్గరే. అద్దినవాళ్లు సరిగా అద్దకపోతే ఉప్పూ నిలపదు, వెనిగరూ నిలపదు. అలాంటి చీర ప్రతిసారీ విడిగానే ఉతుక్కోవాలి, ముఖ్యంగా తెల్ల నేత మీద ముదురు అంచు ఉన్నవి. ఆరేసేటప్పుడు కూడా అంచు కిందకి వచ్చేలా వేయండి, కారిన రంగు నేలకి పోతుంది.

గంజికి మా అమ్మ అన్నం వార్చిన గంజే వాడేది. ఇప్పుడు కుక్కర్లు వచ్చాక వార్చేవాళ్లు తగ్గారు. నేను సగ్గుబియ్యం వాడతానండి. సామర్లకోట, పెద్దాపురం వైపు తయారైనదే మన కొట్లలో దొరుకుతుంది, అక్కడి మెట్ట పొలాల్లో పండే కర్రపెండలం దుంపతో చేస్తారు. బియ్యం గంజి ముదురు రంగు చీర మీద తెల్లటి చారలు మిగులుస్తుంది. సగ్గుబియ్యం గంజి అద్దంలా ఉంటుంది కాబట్టి నలుపు, నేరేడు రంగు, ముదురాకుపచ్చ చీరల మీద మరక కనబడదు. ఒక చీరకి రెండు చెంచాల సగ్గుబియ్యం గంటసేపు నానబెట్టి, రెండు గ్లాసుల నీళ్లలో గింజ కనబడకుండా కరిగేదాకా కాచి, పలచటి గుడ్డలో వడకట్టి, అర బకెట్టు నీళ్లలో కలపండి. చీర పొడిగా ఉన్నప్పుడు ముంచితే గంజి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడుతుంది. ముందు మామూలు నీళ్లలో తడిపి, నీరు కారిపోయాక అప్పుడు గంజిలో ముంచండి. నీడలో ముప్పాతిక వంతు ఆరాక తీసి, ఇద్దరు చెరో కొసా పట్టుకుని అంచులు లాగి సరిచేసి, ఆ తడి మీదే ఇస్త్రీ చేస్తే చీర కొత్త మడత విప్పినట్టు వస్తుంది.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. కట్టబోయే చీరకే గంజి పెట్టండి. లోపల దాచబోయే చీరకి వద్దు. వెండి రంగులో మెరుస్తూ జారిపోయే చిన్న పురుగు ఒకటి ఉంటుంది చూడండి, పాత పుస్తకాల్లోనూ కనబడుతుంది. దానికి గంజంటే ప్రాణం. గంజి కోసం వచ్చి నూలునీ కొరికేస్తుంది. బూజుకీ గంజే తిండి.

ఫాల్ సంగతి కూడా ఇక్కడే. నూలు ఫాల్‌ని నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కుట్టాలి. కొన్నది కొన్నట్టు కుట్టేస్తే మొదటి ఉతుకులో అది ముడుచుకుని అంచునంతా ముడతలు పెడుతుంది.

పట్టుకి నీళ్లు

పట్టు చీర ఇంట్లో ఉతకొచ్చా అంటే, జరీ లేనిదీ, రంగు దిగనిదీ అయితే నిక్షేపంగా ఉతకొచ్చు. జరీ నిండుగా ఉన్నవీ, ఉప్పాడ జాందానీ బుటాలున్నవీ డ్రైవాష్‌కే ఇవ్వండి. ఉప్పాడ చీరకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ నేతలో బుటా బుటాకీ విడిగా చిన్న కండె పెట్టి చేత్తో అల్లుతారు, చీర తిరగేసినా బుటా అలాగే ఉంటుంది, వెనక తీగలు వేలాడవు. అంత ఓపికగా నేసినదాన్ని నీళ్లలో బరువుగా వేలాడదీస్తే బుటా చుట్టూ పల్చటి నేత పక్కకి జరుగుతుంది. మళ్లీ దాన్ని యథాస్థానానికి తేవడం ఎవరివల్లా కాదు.

పట్టుకి అసలు శత్రువు క్షారం. బట్టల పొడుల్లో సోడా ఉంటుంది, అది పట్టులోని ప్రొటీనుని తినేస్తుంది. ఒకసారికి తెలియదు. పదే పదే ఉతికితే మెరుపు పోయి, చేతికి గరుకు తగిలి, మడత దగ్గర చీలుతుంది. "అద్దకం వాళ్లు పట్టుని సబ్బు నీళ్లలో మరిగిస్తారు కదా" అని నాతో వాదించినవాళ్లున్నారు. నిజమే. పురుగు వదిలిన పోగు చుట్టూ జిగురు ఉంటుంది, దాన్ని వదిలించడానికి ఒక్కసారి ఉడకబెడతారు, దాంతో దాదాపు నాలుగో వంతు బరువు పోతుంది. ఆ జిగురున్నంతసేపే పోగుకి కాపు. మీ చేతికి వచ్చేసరికి ఆ కాపు లేదు, లోపలి పోగు ఒక్కటే ఉంది. పిఠాపురం దాటాక చేబ్రోలులో మల్బరీ తోటలు, పట్టుపురుగుల షెడ్లు ఉన్నాయి. ఎప్పుడైనా అటు వెళ్తే ఒక పట్టుకాయ చేతిలోకి తీసుకుని నీళ్లలో తడిపి వేలితో రుద్ది చూడండి, ఆ జిగురు వేలికి తెలుస్తుంది.

కుంకుడుకాయలు పట్టుకి అన్నిటికంటే మెత్తటి సబ్బు. గింజలు తీసేసిన కాయలు ఒక గుప్పెడు రాత్రి గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టండి. పొద్దున పిసికి, గుడ్డలో రెండుసార్లు వడకట్టండి, పిప్పి ఒక్క రేణువు కూడా రాకూడదు. బకెట్టు చల్లటి నీళ్లలో కలిపి నురగ తెప్పించి, చీరని విప్పి ముంచి, అరచేతుల మధ్య ఒత్తుతూ నాలుగైదు నిమిషాల్లో ముగించండి. తెలుపు, మీగడ రంగు, లేత గులాబీ చీరలకి మాత్రం కుంకుడు వద్దు, దాని గోధుమ ఛాయ అంటుకుంటుంది. వాటికి సోడా లేని ద్రవ సబ్బు వాడండి. నురగ పోయేదాకా జాడించాక, జరీ లేని చీరైతే చివరి బకెట్లో ఒక చెంచా వెనిగర్ వేసి ముంచి తీస్తే పట్టు మెరుపు తేరుకుంటుంది. జరీ ఉంటే ఆ పులుపు తగలనివ్వకండి.

జాడించే నీళ్ల గురించి మన ఊళ్లలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పన, సబ్బు నురగ కట్టదు. నురగ కట్టని సబ్బు తెల్లటి జిడ్డులా పట్టు మీద కూర్చుని మెరుపుని కప్పేస్తుంది. కొన్ని బోర్లలో ఇనుము ఉంటుంది, తెల్ల నూలు మీద పసుపు మచ్చలు దానివల్లే. కాలవ నీళ్లు మెత్తటివే గాని వరద రోజుల్లో ఒండ్రుతో ఎర్రగా వస్తాయి. బిందెలో పట్టి, పటిక తిప్పి, తేరిన తరవాత పైనీళ్లు మాత్రమే వంచుకోవాలి. వేసవిలో పంటలయ్యాక కాలవలు కట్టేస్తారు, అప్పుడిక బోరే దిక్కు. ఆ నెలల్లో నేను పట్టు చీరలు ఇంట్లో ఉతకొద్దంటాను. తప్పదంటే ఆఖరి జాడింపు ఒక్కటైనా మంచినీళ్ల టిన్ను నీళ్లతో చేయండి. వాన మొదలై చూరు దుమ్మంతా కడిగాక పట్టిన వాననీళ్లు దొరికితే అంతకు మించింది లేదు.

ఉతికిన పట్టుని పిండకండి. పాత తువ్వాలు పరిచి దాని మీద చీర మడతలుగా వేసి, చాపలా చుట్టి అదమండి, నీరంతా తువ్వాలులోకి పోతుంది. ఆ తరవాత నీడలో, గాలాడేచోట ఆరేయండి. ఎండ పట్టుని పసుపురంగులోకి తిప్పుతుంది, బలమూ తీసేస్తుంది. ఇస్త్రీ తిరగవైపు నుంచి, పైన పల్చటి నూలు గుడ్డ వేసి, తక్కువ వేడితో చేయాలి. పట్టు మీద నీళ్లు చిలకరించకూడదు, చుక్క పడినచోటల్లా మచ్చ నిలుస్తుంది.

మరకలు

పసుపు మరక పడగానే సబ్బు తీసుకునేవాళ్లని ఆపడమే నాకు పెద్ద పని. పసుపుకి క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది, పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి అయ్యేది అందుకే. సబ్బు లేకుండా చల్లటి నీళ్లతో కడిగి, నూలు చీరైతే మరకని ఎండకి పెట్టండి. పసుపు రంగు వెలుతురుకి నిలవదు, రెండు మూడు ఎండలకి మాయమవుతుంది. పట్టయితే ఎండ సోకని వెలుతురులో పెట్టి ఓపిక పట్టండి.

నూనె మరక మీద నీళ్లు పోయకండి. పులిహోర వడ్డిస్తున్నప్పుడు పడినా, పులస పులుసు చిందినా ముందు టాల్కం పౌడరు దట్టంగా వేసి ఒక రాత్రి వదిలేసి దులపండి, అవసరమైతే మళ్లీ వేయండి. ఆ తరవాతే మిగతా మరక సంగతి.

కోనసీమలో అన్నిటికంటే మొండి మరక అరటి జిగురు. పెళ్లిపందిట్లో గెల కట్టేటప్పుడో, ఆకులు కోసేటప్పుడో పడుతుంది. పడినప్పుడు నీళ్లలాగే ఉంటుంది, కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఆరాక గోధుమ రంగు తేలి, నూలులోకి ఇంకి కూర్చుంటుంది. కొబ్బరి బొండం నీళ్లు కూడా అంతే. పడిన క్షణమే మంచినీళ్లతో కడగడం తప్ప మందు లేదు. ముదిరిన అరటి మరక తెస్తే నేను డబ్బు తీసుకోకుండా తిప్పి పంపేస్తాను, ఆ చోట చిన్న బుటా కుట్టించుకోమంటాను. ఇనుము తుప్పు మరకైతే తెల్ల నూలు మీద నిమ్మరసం, ఉప్పు వేసి ఎండలో పెడితే పోతుంది. రంగు చీర మీద అది చేయకండి.

చెమ్మ

మన డెల్టాలో కట్టి చిరిగిన పట్టు చీరలు తక్కువండి, బీరువాలో ఉండి పాడైనవే ఎక్కువ. ఇటు సముద్రం, అటు గోదావరి పాయలు, మధ్యలో కాలవలు, ఇంటి చుట్టూ కొబ్బరి చెట్ల నీడ. మృగశిర కార్తె నుంచి కార్తీకం వెళ్లేదాకా గాలిలో చెమ్మ వదలదు. నూలూ పట్టూ రెండూ ఆ చెమ్మని పీల్చుకుంటాయి. పీల్చుకున్నది బయటికి పోయే దారి ఉంటే ఏ బాధా లేదు. ప్లాస్టిక్ కవరులో వేసి జిప్పు లాగేస్తే దారి మూసినట్టే. కొట్టులో ఇచ్చిన కవరు కొట్టు నుంచి ఇంటికి తేవడానికే. ఇంటికి రాగానే తీసేయండి.

చీర కట్టి వచ్చిన రాత్రి వెంటనే మడతపెట్టవద్దు. పెళ్లిలో చెమట పట్టి ఉంటుంది, నడుం దగ్గర తడి తెలుస్తూనే ఉంటుంది. చెమటలో ఉప్పు ఉంది, అది పట్టునీ కొరుకుతుంది, జరీనీ నల్లబరుస్తుంది. గదిలో దండెం మీద, నూలు గుడ్డ పరిచి, రాత్రంతా ఫ్యాను గాలికి వదిలేయండి. అత్తరు, స్ప్రేలు చీర కట్టక ముందే ఒంటికి రాసుకుని ఆరనివ్వండి, చీర మీద కొట్టకండి.

దాచడానికి ఉతికి మెత్తబడ్డ పాత నూలు పంచె కంటే మంచి కవరు నేను చూడలేదు. గంజి లేనిది, రంగు లేనిది కావాలి. దినపత్రికలో చుట్టకండి, సిరా అంటుతుంది. ఇనుప హ్యాంగరుకి తగిలించకండి, తుప్పు మరక గీతలా పడుతుంది, బరువు జరీ చీరైతే వేలాడి సాగుతుంది కూడా. జరీ వైపు లోపలికి వచ్చేలా మడిచి, మడతల మధ్య చుట్టిన నూలు గుడ్డ పెడితే మడత పదునుగా విరగదు. మూడు నెలలకోసారి మడత మార్చండి. పాత మడత మీదే మళ్లీ మడిస్తే జరీ ఆ గీత వెంటే తెగుతుంది, పట్టు ఆ గీత వెంటే చీలుతుంది. మా దగ్గరకి రఫ్పుకి వచ్చే పట్టు చీరల్లో చిరుగు మడత వెంట తిన్నగా ఉంటుంది చాలాసార్లు.

కలరా ఉండలు చీరకి తగలకూడదు. గుడ్డ మూటలో కట్టి పై అరలో పెట్టండి, ఆ ఆవిరి గాలికంటే బరువు, కిందకి దిగుతుంది. కలరా ఉండలున్న అరలో కర్పూరం పెట్టకండి. రెండూ కలిస్తే జిడ్డులా కరిగి చీర మీద కారతాయి. ఉండల వాసన పడనివాళ్లు, చంటిపిల్లలున్నవాళ్లు వస కొమ్ములో, లవంగాలో మూటకట్టి పెట్టుకోవచ్చు. వేపాకు పెడితే గలగలలాడేలా ఎండినదే పెట్టాలి, పచ్చి ఆకు లోపలికి తడి తీసుకెళ్తుంది.

బీరువాని వాన కొట్టే గోడకి ఆనించకండి. జానెడు సందు ఉండాలి, కింద ఇటుకలో చెక్కలో పెట్టి నేల నుంచి ఎత్తాలి. ఏడాదికి రెండుసార్లు మొత్తం ఖాళీ చేసి గాలి పోయించండి. రోహిణి కార్తె ఎండల్లో, మృగశిర రాక ముందు ఒకసారి. సంక్రాంతి వెళ్లాక పొడిగాలి తోలే రోజుల్లో ఇంకోసారి. చీరలు గదిలో నీడన, బీరువా తలుపులు బార్లా తీసి. ముసురు పట్టిన రోజు మాత్రం బీరువా తెరిచి పెట్టకండి, ఆ తడిగాలి లోపలికి పోతుంది.

బూజు కనబడిందనుకోండి, తడి గుడ్డతో తుడవకండి, అది ఇంకా లోపలికి అద్దుకుంటుంది. మూతికి గుడ్డ కట్టుకుని చీరని ఆరుబయట నీడలో పూర్తిగా ఆరనివ్వండి. ఎండిపోయిన బూజు పొడిలా అవుతుంది, మెత్తటి బ్రష్షుతో ఒకే దిక్కుకి దులపండి. ఆ తరవాత నూలైతే ఉతకండి, పట్టయితే డ్రైవాష్‌కి పంపండి. బీరువా అర కూడా తుడిచి ఆరబెట్టాకే మిగతా చీరలు మళ్లీ సర్దండి.

వరద నీళ్లలో తడిసినవాటికి వేరే పద్ధతి. 2022 జూలైలో గోదావరి పొంగి లంక గ్రామాలు మునిగినప్పుడు ట్రంకుపెట్టెలు మొత్తం ఒండ్రుతో నిండిపోయి నా దగ్గరకి వచ్చాయి. బతికినవి ఏవంటే, ఒండ్రు ఆరక ముందే కడిగినవి. ఒండ్రు ఎండితే పోగుల మధ్య గట్టిపడి, దులిపితే పోగుని కోస్తుంది. కాబట్టి తడి మూట విప్పడం మొదటి పని. రంగులు వేరు చేయండి, తెలుపు ఒక కుప్ప, ముదురు ఒక కుప్ప, పట్టు వేరు. రుద్దకుండా, మంచం పట్టెల మీద పరిచి పైనుంచి మంచినీళ్లు వంచుతూ ఒండ్రు జారిపోయేదాకా కడగండి. సబ్బు తరవాత చూసుకోవచ్చు. పట్టు చీరని తడి బరువుతో ఒక కొస పట్టి ఎత్తకండి, కింద దుప్పటి వేసి దుప్పటితో సహా ఎత్తండి. ఒక రంగు ఇంకో దానికి దిగిపోయి ఉంటే ఆరనివ్వకుండా జాడిస్తూనే ఉండాలి, ఆరిందంటే నిలిచిపోతుంది. కరెంటు లేకపోతే డాబా మీద నీడకట్టి గాలికి పరవండి.

లేసు, రఫ్పు

నరసాపురం లేసు గుడ్డలు చాలా ఇళ్లలో టీవీ మీద, టీపాయి మీద ఉంటాయి. కొక్కెం సూదితో నూలుదారం అల్లిన ఆ పనికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లేసుని దండెం మీద వేలాడదీస్తే గుండ్రనిది కోలగా సాగుతుంది. దిండు గలీబులో వేసి మూతికట్టి ఉతకండి, తీసి చాప మీద తెల్ల గుడ్డ పరిచి దాని మీద ఆకారం సర్ది, అంచుల్లో గుండుసూదులు గుచ్చి ఆరనివ్వండి. సూదులు తుప్పు పట్టనివి చూసుకోండి. పలచటి సగ్గుబియ్యం గంజి అప్పుడే దూదితో అద్దవచ్చు.

చిన్న చిరుగు ఉంటే ఆ రోజే రఫ్పు చేయించండి. గాజు తగిలి పోగు లేచిందనుకోండి, కత్తిరించకండి. సూది మొనతో ఆ పోగుని అటూ ఇటూ కొద్దికొద్దిగా సర్దుతూ నేతలోకి తిరిగి లాగవచ్చు. తెగి రంధ్రం పడితే నూలు చీరకి నూలు పోగు, పట్టుకి పట్టు పోగు వాడాలి. పాలిస్టర్ దారం పెట్టి బిగిస్తే అది తెగదు, చుట్టూ ఉన్న పాత పోగుల్నే కోస్తుంది. రఫ్పుకి చీర తెచ్చేటప్పుడు, మొదట్లో దాచమన్న పీలిక కూడా పట్టుకు రండి. పీలిక లేకపోతే లోపలికి దోపుకునే చివర నుంచి నాలుగు పోగులు నేనే లాగి చేస్తాను.